పిల్లలతో ప్రవాసం

ఉద్దేశం: ఉద్యోగరీత్యా కొంతకాలం విదేశంలో ఉండవలసి వచ్చిన కుటుంబాలలో బడి ఈడు పిల్లల చదువు, భాష, మనఃస్థితి ఏ మార్పులకు లోనవుతాయో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

“రెండేళ్ళే కదా!” గత మూడు దశాబ్దాలుగా తెలుగువారి ఇళ్ళలో తరచుగా వినిపిస్తున్న మాట ఇది. తండ్రికో తల్లికో విదేశంలో పని దొరుకుతుంది. ఒప్పందం రెండేళ్ళకో మూడేళ్ళకో ఉంటుంది. ఇల్లు అద్దెకిస్తారు. వాహనం అమ్ముతారు. పిల్లలను బడి మాన్పించి టీసీ తీసుకుంటారు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటే అందరూ కలిసి చెప్పే ఓదార్పు మాట ఈ “రెండేళ్ళే కదా!”

చెప్పేవారి దృష్టిలో అది అబద్ధం కాదు. నలభై ఏళ్ళ వ్యక్తికి రెండేళ్ళు జీవితంలో ఇరవయ్యోవంతు. కాని ఎనిమిదేళ్ళ పిల్లవానికి అది నాలుగోవంతు. ఊహ తెలిసిన నాటి నుంచి మాత్రమే లెక్కిస్తే దాదాపు సగం. పెద్దలు తాము తిరిగిరావలసిన ఊరిని మనసులో పెట్టుకొని వెళతారు. పిల్లలు వెళ్ళిన చోటనే పెరుగుతారు. ఒకే విమానం ఎక్కి ఒకే ఇంట్లో దిగిన నలుగురికీ ప్రవాసం ఒకే కొలతలో ఉండదు. పెద్దలకు తాత్కాలికమైనది పిల్లలకు తాత్కాలికం కాదు. ఈ సంగతి గుర్తించని చోటనే చిక్కులన్నీ మొదలవుతాయి.

ఇది నేటి కాలానికి మాత్రమే పరిమితమైన సమస్య అనుకోనవసరం లేదు. మహాభారతంలో పాండవులు జూదంలో ఓడి పన్నెండేళ్ళ అరణ్యవాసానికీ, ఒక ఏడు అజ్ఞాతవాసానికీ బయలుదేరినప్పుడు ద్రౌపదికి అయిదుగురు కొడుకులున్నారు, సుభద్రకు అభిమన్యుడున్నాడు. అడవిలో ఋషులున్నారు, కథలున్నాయి, ధర్మశాస్త్ర చర్చలున్నాయి. అయినా పిల్లలను అక్కడ ఉంచుకోలేదు. వనవాసారంభంలో చూడవచ్చిన శ్రీకృష్ణుడు సుభద్రను, అభిమన్యుని ద్వారకకు తీసుకుపోయాడు. ధృష్టద్యుమ్నుడు మేనల్లుళ్ళను పాంచాలానికి తీసుకుపోయాడు. తరువాత మరొకసారి వచ్చినప్పుడు శ్రీకృష్ణుడు ద్రౌపదికి చెప్పిన కబుర్లలో ముఖ్యమైనది ఆమె కొడుకుల చదువు సంగతే. వారి మనసు మేనమామల ఇంట నిలవలేదనీ, ద్వారకలో అభిమన్యునితో కలిసి ప్రద్యుమ్నుని వద్ద అస్త్రవిద్య అభ్యసిస్తున్నారనీ ఆయన తెలిపాడు. ధర్మరాజాదుల వనవాస దుఃఖాన్ని వర్ణించేవారు ఈ ఘట్టాన్ని సాధారణంగా దాటిపోతారు. కాని ఒక తల్లి పదమూడేళ్ళు కొడుకుల చదువును కబుర్ల రూపంలో మాత్రమే విన్నదన్న విషయం ఇందులో ఉంది. పిల్లల చదువు దెబ్బతినకూడదనుకుంటే వారికి దూరం కావాలి, దగ్గర ఉంచుకోవాలంటే చదువు విషయంలో రాజీపడాలి. ప్రవాసి తల్లిదండ్రుల ముందు ఆనాడు నిలిచిన ఈ చిక్కు నేటికీ విడిపోలేదు.

ఆధునిక కాలంలో ఈ చిక్కును ఎదుర్కొని, దానిని దాచకుండా రాసిపెట్టినవారిలో ప్రథమంగా చెప్పదగినవాడు మహాత్మాగాంధీ. 1893లో ఒక వ్యాపారసంస్థ వ్యాజ్యంలో సహాయపడటానికి ఆయన దక్షిణాఫ్రికా వెళ్ళాడు. ఒప్పందం ఒక్క సంవత్సరానికి మించినది కాదు. ఆయన ఆ దేశాన్ని శాశ్వతంగా విడిచిపెట్టింది 1914లో. ఒక్క ఏడు ఇరవైఒక్క ఏళ్ళయింది. తాత్కాలికమన్న మాటకు చరిత్రలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

1896లో స్వదేశానికి వచ్చిన గాంధీ ఆ ఏడాది చివర కస్తూర్బాతోను, ముగ్గురు పిల్లలతోను ఓడ ఎక్కాడు. ఇద్దరు తన కుమారులు హరిలాల్, మణిలాల్. మూడవవాడు మేనల్లుడు గోకుల్‌దాస్. 1897 జనవరిలో వారు డర్బన్‌లో దిగేనాటికి మేనల్లునికి పదేళ్ళు, పెద్దకొడుకుకు తొమ్మిది, చిన్నవానికి అయిదు అని గాంధీ తన ఆత్మకథలో పేర్కొన్నాడు. దిగే ముందే పిల్లల వేషం మార్చవలసి వచ్చింది. నాగరికులుగా కనబడాలంటే యూరపువారి వేషానికి దగ్గరగా ఉండాలని ఆయన అప్పట్లో నమ్మేవాడు. ఆ రోజుల్లో పార్సీలు నాగరికతకు పేరుపొందినవారు కాబట్టి పిల్లలకు పార్సీ కోటు, పంట్లాము తొడిగించాడు. ఎన్నడూ ఎరుగని మేజోళ్ళు, బూట్లు తొడగవలసి వచ్చింది. చెమటతో మేజోళ్ళు కంపుకొట్టేవి, కాలివేళ్ళు ఒరుసుకుపోయేవి. భోజనం దగ్గర కత్తి, ముల్లుగరిటె పట్టడం నేర్చుకోవలసి వచ్చింది. కొన్నేళ్ళ తరువాత ఆ మోజు పోయి ఆయనే వాటిని మానిపించాడు. ఇప్పటి పిల్లలు చలికోటులో మొదటిసారి ఉక్కిరిబిక్కిరయ్యేటప్పుడు అనుభవించేది కూడా ఆ మేజోళ్ళ బాధ వంటిదే. పెద్దలకు ఇవి చిన్న విషయాలు. పిల్లవానికి మొదటి నెలలో పరదేశమంటే అవే.

ఇక చదువు. యూరోపియను పిల్లల బడులలో ప్రత్యేక మినహాయింపు మీద గాంధీ కుమారులకు చోటు దొరికేదే. కాని తక్కిన భారతీయుల పిల్లలకు లేని అవకాశాన్ని తన పిల్లలకు మాత్రమే తీసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. భారతీయుల కోసం క్రైస్తవ మిషనులు నడిపే బడులున్నా, అక్కడి చదువు ఆయనకు నచ్చలేదు. పైగా బోధన ఇంగ్లీషులో జరిగేది, గుజరాతీ దొరకదు. తానే చెప్పడానికి ప్రయత్నించాడు గాని సమయం కుదిరేది కాదు. నెలకు ఏడు పౌన్ల జీతం మీద ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయినిని నియమించాడు. తాను మాత్రం పిల్లలతో గుజరాతీలోనే మాట్లాడేవాడు. పెద్దవానిని, మేనల్లుని స్వదేశంలోని వసతి పాఠశాలలకు పంపి చూశాడు, కొద్ది నెలలకే వెనక్కి పిలిపించుకున్నాడు. ఏ ఒక్క ఏర్పాటూ నిలకడగా సాగలేదు. చిన్ననాటి నుంచి ఇంగ్లీషులో పెంచితే ముందుకాలంలో పిల్లలకు మేలు జరుగుతుందని మిత్రుడు పోలక్ వాదించేవాడు. మాతృభాషకు దూరమైన పిల్లలు తమవారి ఆత్మిక వారసత్వానికే దూరమవుతారని గాంధీ వాదన. తన కుమారులకు పుస్తకజ్ఞానం కొరవడిందని ఆయన ఒప్పుకున్నాడు. అందుకు వారు తన మీద ఫిర్యాదు చేశారని కూడా రాశాడు. మాతృభాష మిగిలినందుకు మాత్రం ఆయన ఎన్నడూ విచారించలేదు. ఇందులో తండ్రిది తప్పా, కాదా అని తీర్పు చెప్పడం తేలిక. ఆ తండ్రి స్థానంలో నిలబడి నిర్ణయం తీసుకోవడం తేలిక కాదు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలిచిన తండ్రి కృష్ణధన్ ఘోష్. ఆయన వంగదేశపు వైద్యుడు. 1879లో ముగ్గురు కుమారులను ఇంగ్లండు తీసుకుపోయి మాంచెస్టరులో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట ఉంచాడు. భారతీయులతో పరిచయమే కలగకుండా పెంచాలని చెప్పి వచ్చాడు. వారిలో మూడవవానికి అప్పుడు ఏడేళ్ళు. అతడే అరవిందుడు. గ్రీకు, లాటిన్ భాషలలో అసాధారణ పాండిత్యం సంపాదించిన ఆ బాలుడు తన మాతృభాషయైన బెంగాలీని నేర్వడం మొదలుపెట్టింది కేంబ్రిడ్జిలో, ఐ.సి.ఎస్. పరీక్ష కోసం. 1893లో బరోడా చేరిన తరువాత ఆయన దానిని పట్టుదలతో సాధించి ఆ భాషలో గ్రంథాలు రాశాడు. అయితే అది అరవిందునికి సాధ్యమైన పని. ప్రతి పిల్లవానిలోను ఒక అరవిందుడు ఉంటాడనుకొని ఏర్పాట్లు చేయరాదు.

నేటి తెలుగు కుటుంబాల సంగతికి వస్తే, ప్రవాసం ప్రధానంగా రెండు దిక్కులకు సాగుతున్నది. ఒకటి పడమటి ఆసియాలోని గల్ఫ్ దేశాలు, రెండవది అమెరికా. ఈ రెండింటి స్వభావం వేరు. గల్ఫ్‌లో కుటుంబాన్ని వెంట ఉంచుకోవడానికి అనుమతి సంపాదనను బట్టి లభిస్తుంది. కడప, గోదావరి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి అక్కడికి కూలిపనికి వెళ్ళినవారిలో ఎక్కువమంది పిల్లలు ఇక్కడే అమ్మమ్మల, నాయనమ్మల వద్ద పెరుగుతారు. వారికి తండ్రి ఫోనులో వినిపించే గొంతు. ద్రౌపది కొడుకుల కథ వారిది. తగిన జీతం ఉన్న ఉద్యోగులు మాత్రం పిల్లలను తీసుకుపోగలుగుతారు. అక్కడ కేంద్రీయ మాధ్యమిక విద్యామండలికి, అంటే సీబీఎస్‌ఈకి అనుబంధమైన భారతీయ పాఠశాలలు చాలా ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు ఇక్కడివే కాబట్టి చదువులో తెగింపు ఉండదు. ఆ దేశాలు సాధారణంగా పరదేశీయులకు పౌరసత్వం ఇవ్వవు కాబట్టి తిరిగిరావాలన్న విషయంలో సందేహమూ ఉండదు. ఒక్క తెలుగు మాత్రం ఆ బడులలో అరుదు.

అమెరికా సంగతి ఇందుకు భిన్నం. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మొదట మూడేళ్ళకు లభించి, సాధారణంగా ఆరేళ్ళ దాకా సాగుతుంది. భార్యకు లేదా భర్తకు, ఇరవైఒక్క ఏళ్ళలోపు పిల్లలకు హెచ్-4 అనే ఆశ్రిత వీసా ఇస్తారు. స్థిరనివాసానికి దరఖాస్తు పెట్టుకున్నవారు ఇంకా ఎక్కువకాలం ఉండిపోతారు. ఎదురుచూస్తూ ఉండగానే పిల్లలు ఎదుగుతారు. అందువల్ల రెండేళ్ళు అయిదేళ్ళవుతాయి, అయిదు పదవుతాయి, ఏ నాడూ ఇది శాశ్వతమని ఎవరూ నిర్ణయించుకోరు. ఇక్కడ ఉద్యోగం చేసిన తల్లి అక్కడ చాలాకాలం ఇంటికే పరిమితం కావలసి వస్తుంది. 2015 నుంచి ఆశ్రిత వీసాదారులలో కొందరికి మాత్రమే ఉద్యోగానుమతి లభిస్తున్నది. ఒక్కొక్కప్పుడు అన్న ఇక్కడ పుట్టినవాడు, చెల్లెలు అక్కడ పుట్టినది. చెల్లెలు పుట్టుకతో అమెరికా పౌరురాలు, అన్న ఆశ్రితుడు. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. కాబట్టి ఒకే తల్లి బిడ్డలు విమానాశ్రయంలో రెండు దేశాల పాస్‌పోర్టులు పట్టుకొని వేర్వేరు వరుసలలో నిలుచునే సందర్భాలు కూడా కలుగుతాయి.

ప్రభుత్వ పాఠశాలలో చదువు ఉచితం. నివసించే వీధిని బట్టి బడి నిర్ణయమవుతుంది కాబట్టి తల్లిదండ్రులు ఇల్లు వెదికేటప్పుడే బడిని వెదుకుతారు. చేర్చుకొనేముందు అడిగే వాటిలో టీకాల పత్రం ముఖ్యమైనది. ఇక్కడి ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో లేని ఆటలమ్మ, గవదబిళ్ళల టీకాలు అక్కడి బడులు అడుగుతాయి. అందువల్ల పరదేశంలో పిల్లవాడు మొదట చూసేది తరచుగా తరగతిగది కాదు, సూది. తరగతి వయసును బట్టి ఇస్తారు. ఇక్కడ జూన్‌లో మొదలయ్యే విద్యాసంవత్సరం అక్కడ ఆగస్టు చివరనో సెప్టెంబరులోనో మొదలవుతుంది. నడుమ వెళ్ళినవాడు సగం పాఠం వదిలి సగం పాఠంలోకి దూకుతాడు. గణితంలో తెలుగు పిల్లలు మొదట్లో ముందుంటారు. ఎక్కాలు కంఠస్థమైనవాని మీద తోటివారికి గౌరవం కలుగుతుంది. అది కొన్నాళ్ళే. చేతిలో పుస్తకం లేకుండా పదిమంది ముందు నిలిచి తన అభిప్రాయం చెప్పమన్నప్పుడు అదే పిల్లవాడు మూగవాడవుతాడు. ఇక్కడ గురువు అడగనిదే మాట్లాడకపోవడం వినయం, అక్కడ అది అనాసక్తిగా కనబడుతుంది.

భాష విషయం మరింత జాగ్రత్తగా ఆలోచించదగినది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన పిల్లవాడు గనుక చిక్కు ఉండదని తల్లిదండ్రులు భావిస్తారు. ఆరు నెలలు తిరగకముందే వాడు అక్కడి యాసలో గలగల మాట్లాడటం చూసి మురిసిపోతారు. కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ వలస వచ్చిన పిల్లల భాషాభ్యసనాన్ని పరిశీలించి, ఈ సంబరం తొందరపాటుదని తేల్చాడు. ఆటస్థలంలో, భోజనశాలలో వాడే సంభాషణ భాష పిల్లలకు సుమారు రెండేళ్ళలో పట్టుబడుతుంది. పాఠ్యపుస్తకం చదివి తర్కించి, సొంతంగా వ్యాసం రాయడానికి కావలసిన చదువు భాష తోటివారి స్థాయికి చేరాలంటే అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఇంటిభాషలో గట్టి పునాది ఉన్న పిల్లవాడు రెండవ భాషలోనూ త్వరగా నిలదొక్కుకుంటాడనేది కమిన్స్ వాదనలో మరొక ముఖ్యాంశం. ఒక భాషలో ఒకసారి పట్టుబడిన ఆలోచనను రెండవ భాషలో మళ్ళీ మొదటి నుంచి నేర్వనవసరం లేదు.

ఈ లెక్కను మూడేళ్ళ ప్రవాసానికి అన్వయించి చూస్తే విషయం బోధపడుతుంది. ఏడేళ్ళవాడు వెళతాడు. తెలుగులో గుణింతాలు వచ్చి ఒత్తులు అప్పుడప్పుడే వస్తున్న దశ అది. తెలుగు చదువు అక్కడ ఆగిపోతుంది. మూడేళ్ళు గడిచేసరికి ఇంగ్లీషులో మాటలు వచ్చి, చదువు భాష సగంలో ఉంటుంది. సరిగా అప్పుడే కుటుంబం తిరుగుప్రయాణం కడుతుంది. పదేళ్ళ ఆ పిల్లవానికి రెండు భాషలూ మాట్లాడటం వచ్చు. రెండింటిలోనూ వయసుకు తగిన పుస్తకం చదివి రాయడం రాదు. రెండు భాషలు తెలుసునని చుట్టాలు మెచ్చుకుంటూ ఉండగా లోపల ఈ లోటు పెరుగుతుంది. బయటకు కనబడని లోటు కాబట్టి దీనికి చికిత్స కూడా ఆలస్యమవుతుంది.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే ఉన్నాం గదా అని కొందరు సమాధానపడతారు. నిజానికి ఆ ఇళ్ళలో తెలుగు క్రమంగా ఒంటికాలి మీద నడుస్తుంది. తల్లి తెలుగులో అడుగుతుంది, పిల్లవాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. అర్థం చేసుకుంటాడు గాని పలకడు. మరికొన్నాళ్ళకు తల్లే ఇంగ్లీషులో అడగడం మొదలుపెడుతుంది. ఇంటి మాటల్లో అన్నం, నిద్ర, స్నానం, కోపం వస్తాయి. కిరణజన్య సంయోగక్రియ రాదు, శాతవాహనులు రారు, లాభనష్టాల లెక్క రాదు. అక్షరమూ, పుస్తకమూ లేకపోతే మాతృభాష వంటింటి గడప దాటదు. ప్రయాణానికి ఒక్కొక్కరికి సాధారణంగా రెండు పెట్టెలు, ఒక్కొక్క పెట్టెకు ఇరవైమూడు కిలోల బరువు అనుమతిస్తారు. ఆవకాయ, కందిపొడి, అప్పడాలు తూకం వేసి సర్దే ఇళ్ళలో పై తరగతి తెలుగు వాచకం పెట్టేవారు తక్కువ. దాని బరువు అరకిలో కూడా ఉండదు.

ఈ కొరతను ప్రవాసాంధ్రులు గుర్తించకపోలేదు. సిలికానాంధ్ర సంస్థ 2007లో మనబడి పేరిట తెలుగు నేర్పే కార్యక్రమాన్ని ప్రారంభించింది. వారాంతంలో వివిధ నగరాలలో తరగతులు జరుగుతాయి. బోధించేవారు వృత్తిరీత్యా ఎక్కువగా ఇతర రంగాలవారు, స్వచ్ఛందంగా వచ్చి పాఠం చెబుతారు. వారమంతా బడికి వెళ్ళిన పిల్లవానిని సెలవునాడు మరొక బడికి పంపడం తల్లిదండ్రులకు కష్టం, పిల్లవానికి ఇంకా కష్టం. అయినా వారానికి రెండు గంటలు ‘క్ష’ ఎలా రాయాలో తంటాలుపడే ఆ పిల్లలు, తిరిగి వచ్చిననాడు తెలుగు తరగతిలో తలదించుకోవలసిన అవసరం లేకుండా ఉంటారు.

ఈ విషయంలో జపాను దేశపు పద్ధతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపాను కంపెనీలు ప్రపంచమంతటా విస్తరించి, ఉద్యోగులను కొన్నేళ్ళ గడువు మీద కుటుంబాలతో పంపసాగాయి. వారి పిల్లల చదువును ఆ ప్రభుత్వం తల్లిదండ్రుల సొంత బాధ్యతగా వదిలివేయలేదు. పెద్ద నగరాలలో పూర్తిస్థాయి జపానీ పాఠశాలలు, తక్కిన చోట్ల శనివారపు పాఠశాలలు ఏర్పడ్డాయి. స్వదేశం నుంచి ఉపాధ్యాయులను పంపుతారు. విదేశంలోని పిల్లలకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా అందజేస్తారు. తిరిగి వచ్చిన పిల్లలకు ‘కికోకుషిజో’ అని ప్రత్యేకమైన పేరే ఉంది. వారి కోసం కొన్ని పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు ప్రత్యేక ప్రవేశ పద్ధతులు పాటిస్తాయి. ఇంత చేసినా ఆ పిల్లలు తోటివారిలో కలవలేక పడిన బాధను జపాను విద్యావేత్తలు దశాబ్దాలుగా చర్చిస్తూనే ఉన్నారు. ఎంతోమంది తెలుగువారు విదేశాలకు వెళ్ళి వస్తున్నా, అలా తిరిగి వచ్చిన పిల్లవానిని సూచించడానికి మన భాషలో ఒక మాట కూడా పుట్టలేదు.

అటు పూర్తిగా అక్కడివారు కాక, ఇటు పూర్తిగా ఇక్కడివారు కాక పెరిగిన పిల్లల స్థితిని శాస్త్రీయంగా తొలిసారి గుర్తించినది మన దేశంలోనే కావడం విశేషం. అమెరికాకు చెందిన సామాజికశాస్త్రవేత్తలు జాన్ యూసీమ్, రూత్ హిల్ యూసీమ్ దంపతులు 1950వ దశకంలో తమ ముగ్గురు కుమారులతో భారతదేశానికి వచ్చి, ఇక్కడ పనిచేసే అమెరికన్ల జీవితాన్ని పరిశీలించారు. తల్లిదండ్రుల సంస్కృతి ఒకటి, నివసించే దేశపు సంస్కృతి ఒకటి కాగా, ఈ రెండింటి నడుమ మసలేవారు కల్పించుకొనే జీవనవిధానాన్ని వారు మూడవ సంస్కృతి అన్నారు. అందులో పెరిగిన పిల్లలను రూత్ మూడవ సంస్కృతి పిల్లలుగా వ్యవహరించింది. పరిశోధకురాలే తల్లి. పరదేశంలో పెరుగుతున్న పిల్లలు ఆమె ఇంట్లోనే ఉన్నారు. ఇటువంటి పిల్లలకు దేశదేశాల మనుషులతో కలుపుగోలుతనం అబ్బుతుంది. “నీది ఏ ఊరు?” అనే ప్రశ్న మాత్రం వారికి కష్టంగా తోస్తుంది.

పోవడంకంటె తిరిగిరావడం కష్టమన్న సంగతి చాలా కుటుంబాలకు వచ్చిన తరువాతనే తెలుస్తుంది. పోయేటప్పుడు కొత్తచోటు కాబట్టి పిల్లవాడు తడబడితే అందరూ ఓర్చుకుంటారు. వచ్చేటప్పుడు అది వాని సొంత ఊరు. సొంత ఊళ్ళో తడబడటాన్ని ఎవరూ క్షమించరు. ఉచ్చారణ విని తరగతి నవ్వుతుంది. ప్రశ్న అడిగితే పొగరనుకుంటారు. ఏడాది పాఠమంతా ఒక్క పరీక్షలో రాయవలసి రావడం వానికి కొత్త. తెలంగాణలో 2018లో చేసిన చట్టం ప్రకారం అన్ని పాఠశాలలలోను తెలుగు బోధన తప్పనిసరి అయినది. తెలుగు లేని బడి వెదుక్కొని తప్పుకొనే పూర్వపు ఉపాయం అందువల్ల అక్కడ సాగదు. ఇది మేలే గాని, తొమ్మిదో తరగతిలో దిగి మొదటిసారి ఛందస్సు ఎదుర్కొనే పిల్లవాని అవస్థ కూడా తెలుగు ఉపాధ్యాయులు ఆలోచించదగినది.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు ప్రత్యక్షంగా సంబంధించిన విషయం మరొకటి ఉంది. విదేశంలో పదవ తరగతికి సమానమైన చదువు పూర్తిచేసినవారు ఇక్కడ జూనియర్ కళాశాలలో చేరాలంటే ఇంటర్మీడియట్ బోర్డు నుంచి అర్హత ధ్రువపత్రం పొందాలి. అది కాగితంతో తీరే పని. స్థానికత అంత సులభంగా తీరదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నత విద్యలో స్థానిక అభ్యర్థిని గుర్తించడానికి నిర్దేశించిన ముఖ్యమైన కొలత, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు ఆ స్థానిక ప్రాంతంలో చదివి ఉండటం. తెలంగాణలో వైద్యవిద్య ప్రవేశాలకు 2024లో పెట్టిన ఇటువంటి నాలుగేళ్ళ నియమాన్ని సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. ఎనిమిదో తరగతి ముగిసేసరికి తిరిగివచ్చినవానికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండవ సంవత్సరం వరకు నాలుగేళ్ళూ ఇక్కడే నిండుతాయి. పదవ తరగతి అక్కడే ముగించుకొని వచ్చినవానికి రెండేళ్ళే మిగులుతాయి. తాతముత్తాతలంతా ఈ నేలవారే అయినా, ఆ కొలతలో అతడు తన జిల్లాలో తానే స్థానికేతరుడు. ఇతర నిబంధనలు కొందరికి తోడ్పడవచ్చు. అయితే తిరిగి రావలసిన ఏడు ఏదో ముందుగా లెక్కచూసుకున్న కుటుంబాలు తక్కువ.

లెక్క చూసుకున్న కుటుంబాలలోనూ పిల్లవానికి ఆ లెక్క చెప్పేవారు ఇంకా తక్కువ. ప్రయాణం నిశ్చయమైన తరువాత, ఒక్కొక్కప్పుడు టిక్కెట్లు వచ్చిన తరువాత, ఆటబొమ్మ కొనిపెట్టినంత ఉల్లాసంగా వానికి చెబుతారు. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. స్నేహితునికి వీడ్కోలు చెప్పడానికి వ్యవధి చాలదు. పదేళ్ళ పిల్లవాడు వీసా నియమాలు గ్రహించలేడు. ఎందుకు వెళుతున్నాం, ఎన్నాళ్ళుంటాం, గడువు మారితే ముందుగా నీకు చెబుతాం అన్న మూడు మాటలు గ్రహించగలడు. కుక్కపిల్లను ఎవరి ఇంట వదలాలో, ఏ పుస్తకాలు పెట్టెలో పెట్టాలో వానినే నిర్ణయించమంటే ఆ ప్రయాణంలో వానికీ కొంత పాలు దక్కుతుంది.

డర్బన్ రేవులో మేజోళ్ళతో దిగిన హరిలాల్‌కు అటువంటి పాలు దక్కలేదు. తండ్రి ఆదర్శాలనే నమ్మి దక్షిణాఫ్రికా సత్యాగ్రహంలో పలుమార్లు జైలుకు వెళ్ళినవాడు అతడు. బడి చదువు దక్కలేదన్న బాధ మాత్రం అతనిలో తీరలేదు. 1911లో ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచాడు. వెదికి తీసుకువచ్చిన తరువాత తండ్రీకొడుకులు మాట్లాడుకున్నారు. చివరకు అతడు ఒంటరిగా భారతదేశానికి ఓడ ఎక్కాడు. అప్పటికే అతనికి వివాహమై సంతానం కలిగింది. అహమ్మదాబాదులో తనకంటె ఎంతో చిన్నవారితో కలిసి మెట్రిక్యులేషన్ చదవడానికి పాఠశాలలో చేరాడు. రెండవ భాషగా సంస్కృతానికి బదులు ఫ్రెంచిని ఎంచుకున్నాడు. అది సరికాదని దక్షిణాఫ్రికా నుంచి తండ్రి ఉత్తరం రాశాడు. హరిలాల్ పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేకపోయాడు.